బావమరిది వేరే పొయ్యి పెట్టుకున్న ఏడాది

నా భార్య తమ్ముడు సైన్యం నుంచి తిరిగి వచ్చిన రోజున సోలాపూర్ స్టేషన్‌కు మా దాజీ పేట్ గల్లీలో సగం మంది వచ్చారు. శ్రీలంకలో మందుపాతర పేలి అతని రెండు కాళ్ళూ మోకాళ్ళ పైదాకా పోయాయి. పుణె ఆసుపత్రిలో చాలా నెలలు ఉన్నాడు. రైలు ఆగగానే కారఖానా పిల్లలు నలుగురు పెట్టెలోకి దూకి, చక్రాల కుర్చీతో సహా అతన్ని ఎత్తి టాంగా దాకా మోశారు. డప్పు కూడా తెచ్చారు. అతను అందరికీ నవ్వుతూ దండం పెట్టాడు. కానీ దండం పెట్టనప్పుడల్లా రెండు చేతులతో కుర్చీ పట్టెలను గట్టిగా పట్టుకునే ఉన్నాడు. ఆ సాయంత్రం డైరీ తెరిచి నేను మొదట రాసింది ఆ చేతుల గురించే. డప్పు సంగతి తర్వాత రాశాను.

అప్పట్లో నేను చద్దర్లు నేసే కారఖానాలో గుమాస్తాను. మాకున్నది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కిటికీ పక్కన అతనికి మంచం వేశాం. నా భార్యకు అతను ఒక్కడే తమ్ముడు. తల్లీ తండ్రీ లేరు. అతనికి పెళ్ళి కాలేదు. తమ్ముడు చెయ్యి చాచకముందే ఆమె చెంబు చేతిలో పెట్టేది. అన్నం కలిపి ముద్దలు చేసి పళ్ళెంలో పెట్టేది. ఎదురింటి అరుగు మీద బీడీలు చుట్టే ఆడవాళ్ళు కూడా అంతే. అతను కుర్చీలో కాస్త కదిలితే చాలు, ఒళ్ళోని ఆకుల చాటలు పక్కన పెట్టి లేచేవాళ్ళు. ఆ ఆప్యాయతలో లోపం ఏమీ లేదు. కానీ అంత మాటకారి అయిన మనిషి రోజు రోజుకూ మాట తగ్గించేస్తున్నాడు.

ఒకనాడు పొద్దున్నే చాయ తాగుతూ, ఎదురుగా ఉన్న తన తండ్రి మగ్గం కొట్టంలో ఉంటానన్నాడు. ఒక్కడే. వండుకోవడం కూడా అక్కడేనన్నాడు.

మా వాళ్ళలో వేరే పొయ్యి అంటే చిన్న మాట కాదు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు మొదట పొయ్యి వేరవుతుంది, ఆ తర్వాత మగ్గం. ఒక ఇంటి మనుషులకు రెండు చోట్ల పొగ లేచిందంటే లోపల గొడవ జరిగిందనే గల్లీ అనుకుంటుంది. నా భార్య చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"అక్క బతికుండంగనే తమ్ముడు వేరే పొయ్యి పెట్టిండంటే, గల్లీల నా మొఖం ఎట్ల సూపెట్టాలె?"

"కొట్లాటేం లేదక్కా" అన్నాడతను. "నా పొయ్యి మీద నేను మాడగొట్టుకున్న అన్నం నాకు తినాలనున్నది. గంతే."

ఆమె ఆ రోజు భోజనం చెయ్యలేదు. నేను ఇద్దరి మధ్యా తలదూర్చలేదు. దూర్చినా వినే రకాలు కారు.

గాయపడ్డ సైనికులకు ఎవరి ఇంట్లో వాళ్ళు బతకడం నేర్పే సంస్థ ఒకటి పుణెలో ఉండేది. దాని తరఫున రిటైరైన మరాఠీ సుబేదార్ ఒకాయన నెలకోసారి వచ్చేవాడు. ఆయనకు ఎడమ చెయ్యి మణికట్టు దాకా లేదు. అయినా బూట్ల లేసులు తనే కట్టుకునేవాడు. ఆయన కొట్టమంతా తిరిగి చూసి, బాగు చేయించే ఖర్చు సంస్థ పెడుతుందన్నాడు. కానీ షరతు ఒకటి చెప్పాడు. వానలు తగ్గాక తను వచ్చి చూస్తాడు. అప్పటికి ఈ మనిషి తన వంటా తన స్నానమూ తను చేసుకుంటూ ఉండాలి. లేకపోతే పుణెలో సైనికుల వసతి గృహంలో అతని కోసం ఉంచిన మంచానికే వెళ్ళాలి. అక్కడ అన్నీ టైముకు అందుతాయి, తలుపు మాత్రం ఎవరిదీ వాళ్ళది కాదు. మా బావమరిది ఆ షరతుకు వెంటనే సరేనన్నాడు.

చక్రాల కుర్చీ మా గల్లీలో పనికిరాలేదు. రెండు సైకిళ్ళు ఎదురైతే ఒకటి ఆగాల్సిన గల్లీ అది. కుంఠా నాకాలో పవర్‌లూమ్‌లు బాగుచేసే మిస్త్రీ ఒకడు అతని చిన్ననాటి దోస్తు. పాత మగ్గాల బేరింగులు విప్పి, చెక్క పలకకు బిగించి, నేలబారు బండి ఒకటి చేసిపెట్టాడు. దాని మీద కూర్చుని చేతులతో నేలను తోస్తే షాబాద్ బండల మీద సర్రున పోయేది. మొదటి రోజు అతను గల్లీలోకి వచ్చేసరికి అరుగు మీది ముసలవ్వ బీడీ చుట్టడం ఆపింది.

"ఏం ఫౌజీ, మోటరు గొన్నవట. జర మమ్ములను గూడ ఎక్కించుకో."

"ఆ చాట కింద పెట్టి రా అవ్వా. నాకా దాక తిప్పుకొస్త."

చాలా రోజుల తర్వాత అతని గొంతు వీధికి అవతల దాకా వినిపించింది.

కొట్టంలో గుంట మగ్గం ఎప్పుడో తీసేశారు. ఆ గుంటను మట్టితో పూడ్చి, పైన బండలు పరిచి నేలంతా సమం చేయించాం. మగ్గం మనిషి నేల మట్టానికే కూర్చుని పని చేసేవాడు కాబట్టి ఆ కొట్టంలో కిటికీ కూడా కిందికే ఉండేది. కూర్చున్న మనిషికి గల్లీ అంతా కనిపించేది. కిరోసిన్ స్టవ్, ఉప్పూ పప్పూ డబ్బాలు, గిన్నెలు అన్నీ గోడ వెంబడి నేల మీదే వరసగా పెట్టుకున్నాడు. స్నానం దగ్గర పట్టుకుని లేవడానికి దూలానికి మోకు కట్టుకున్నాడు. మొదట్లో అన్నం మాడింది, జొన్నరొట్టె విరిగింది. వేడి గిన్నె జారి వేలు కాలింది. నా భార్య అటు వెళ్ళనని పట్టుబట్టి కూర్చుంది గానీ, వంట వేళకు మాత్రం మా కిటికీ దగ్గరే ఏదో పని పెట్టుకునేది.

సుబేదార్ వచ్చే రోజు వచ్చింది. ఆయన్ను తీసుకురావడానికి నేను స్టేషన్‌కు వెళ్ళాను. బావమరిది గల్లీ మొదట్లో మంగలి దగ్గర గడ్డం గీయించుకుంటున్నాడు. తాళం చెవి అక్కకు ఇచ్చి వెళ్ళాడు.

మగ్గాలున్న ఇళ్ళలో నూలు పొట్టు ఎప్పుడూ గాలిలో తేలుతూ ఉంటుంది. రాత్రికి నేలంతా తెల్లగా పరుచుకుంటుంది. అందుకని గౌరవించాల్సిన మనిషి వస్తున్నాడంటే మా ఆడవాళ్ళు చేసే పని ఒకటే. నేల మీద సూది కూడా ఉంచకుండా అన్నిటినీ గోడకున్న రాతి సజ్జ మీదికి ఎక్కించి, బండలు కడిగేస్తారు. నా భార్య కోపం పక్కన పెట్టింది. పుణె నుంచి వచ్చే పెద్దమనిషి ముందు తమ్ముడి ఇల్లు మురికిగా కనిపించకూడదని బీడీల ఆడవాళ్ళందరినీ పిలుచుకుని కొట్టంలోకి వెళ్ళింది.

మేం చేరుకునేసరికి బండలు అద్దంలా మెరుస్తున్నాయి. గడప ముందు ముగ్గు వేసి ఉంది. స్టవ్, డబ్బాలు, గిన్నెలు, చాయ గ్లాసులు అన్నీ నిలబడ్డ మనిషికి అందేంత ఎత్తున సజ్జ మీద వరసగా ఉన్నాయి. ఆడవాళ్ళు కొంగులు సర్దుకుని సంతోషంగా నిలబడ్డారు. అప్పుడే బావమరిది కూడా వచ్చాడు. గడప దగ్గర బండి ఆపి తల పైకెత్తాడు. సుబేదార్ కూడా అటే చూశాడు. మొదట సంగతి తెలిసింది ముసలవ్వకు. "అయ్యో, అన్ని మీదికెక్కిస్తిమి గదనే" అంది మెల్లగా.

నా భార్య గబగబా సజ్జ వైపు చెయ్యి చాచింది.

"అక్కా, ఆగు" అన్నాడతను. "ఎవ్వలు ఏం దించకుండ్రి."

చాయకు కొంచెం ఆలస్యమవుతుందనీ, అరుగు మీద కూర్చోమనీ సుబేదార్‌కు హిందీలో చెప్పాడు. అందర్నీ బయటికి పంపి లోపల గొళ్ళెం పెట్టుకున్నాడు.

మేమంతా అరుగు మీద కూర్చున్నాం. బీడీలు చుట్టే చేతులు కూడా ఆగిపోయాయి. లోపల కర్ర గోడకు తగిలిన చప్పుడు. తర్వాత ఏదో డబ్బా ధడేలుమని పడి దొర్లింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. నా భార్య లేచి తలుపు దాకా వెళ్ళింది. సుబేదార్ ఆమెను కూర్చోమని, నెమ్మదిగా హిందీలో ఒక మాట చెప్పాడు. చెయ్యి పోయిన కొత్తలో ఏడాది పాటు ఆయన చొక్కా గుండీలు వాళ్ళమ్మే పెట్టేదట. ఆ ఏడాదంతా ఆయనకు చొక్కా అంటేనే అసహ్యం పుట్టిందట. ఆమె వచ్చి కూర్చుంది. కానీ చెవి తలుపు మీదే ఉంది. ఇంతలో స్టవ్‌కు గాలి కొడుతున్న చప్పుడు మొదలైంది. కిరోసిన్ వాసన వచ్చింది. కాసేపటికి అల్లం వాసన వచ్చింది.

తలుపు తెరుచుకుంది. అతను బండి మీద ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని, ఒక చేత్తో నేలను తోసుకుంటూ గడప దాకా వచ్చాడు. పళ్ళెంలో గ్లాసులు ఉన్నాయి. ఒక్కటీ తొణకలేదు. కొత్తగా గీసిన గడ్డం మీద చెమటా నూలు పొట్టూ అంటుకుని ఉన్నాయి. అతని వెనక, మూలకు ఆనించి ఉండే పాత మగ్గపు వెదురు కర్ర నేల మీద పడి ఉంది. దానితో ఒక్కొక్కటీ అంచుదాకా లాగి, చేతుల్లోకి పట్టి దించుకున్నాడన్నమాట. కడిగిన బండల నిండా చక్కెర.

"చక్కెర డబ్బ చేతిల నిలువలే బావా. సప్పటి చాయనే" అన్నాడు.

సుబేదార్ ముందుగా గ్లాసు అందుకుని, గుక్కెడు తాగి, మిగతాదంతా కూడా తాగాడు. తర్వాత ఖాళీ గ్లాసు ముందుకు చాచి, ఇంకొంచెం పోయమన్నాడు. స్నానం సంగతీ మోకు సంగతీ ఆయన అడగనే లేదు. పుణెలో ఆ మంచం ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని చెబుతానన్నాడు. నా ఉద్యోగంలోనూ తర్వాతా చాలామంది గెలవడం చూశాను. అంత నిబ్బరంగా గెలిచిన మనిషిని మాత్రం చూడలేదు. అతను మా ఇంటి మనిషి అని ఎవరికైనా చెప్పాలనిపించింది. కానీ అక్కడున్న వాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు.

నా భార్య గ్లాసు అడుగు దాకా తాగి మూతి తుడుచుకుంది.

"చాయపత్తి ఎక్కువేసినవ్ రా."

"రేపు తక్కువేస్త. నువ్వొచ్చి తాగి చెప్పు."

ఆమె తల ఊపింది. లోపల చక్కెర వైపు చూసింది. చెయ్యి చీపురు కోసం ముందుకు పోయింది గానీ మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"నేను ఊడ్వాల్నా తమ్మీ?"

అతను బండిని పక్కకు జరిపి దారి ఇచ్చాడు. "ఊడువక్కా. చీమలు పట్టకముందుకే."

ఆమె కొంగు దోపుకుని లోపలికి వెళ్ళింది. అరుగు మీద ముసలవ్వ మళ్ళీ ఆకు చేతిలోకి తీసుకుంది.

"ఫౌజీ, పనిమన్షి మంచిగనే దొరికింది. జీతమెంతిస్తవ్?"

గల్లీ అంతా నవ్వింది. అందరికంటే ముందు నవ్వు వినిపించింది మాత్రం కొట్టం లోపల నుంచే.