ఇంటర్వెల్ దగ్గర ఆగిన వరద

అంతర్జాతీయం అనే మాట చదవగానే నేను చేసిన మొదటి పని పాస్‌పోర్టు వెతకడం. రెండో పని తెనాలి వెళ్ళి చక్రాల సూట్‌కేసు కొనడం. మెయిల్ పూర్తిగా చదవడం ఆ తరవాతి పని. ఈ వరస తలకిందులుగా ఉంటే బాగుండేదని మా తమ్ముడు ఇప్పటికీ అంటాడు.

సినిమాలకీ టీవీకీ కొత్తగా కథలు రాస్తున్నవాళ్ళని దేశదేశాల నుంచి ఏరి, మూడు వారాలపాటు ఒకచోట కూర్చోబెట్టి, తల పండిన రచయితల చేత దారి చూపించే వర్క్‌షాపు అది. వందలమంది పంపితే నా కథా ఒడ్డున పడింది. వీధిలో కనపడినవాళ్ళందరికీ చెప్పేశాను. చలిదేశమైతే స్వెట్టర్ కావాలని కూడా అన్నాను. అప్పుడు తమ్ముడు నా ఫోన్ లాక్కుని చివరి పేరా పైకి చదివాడు. స్థలం, బాపట్ల, ఇండియా.

రేపల్లెలో బస్సెక్కి ఒక కునుకు తీస్తే బాపట్ల వస్తుంది. సినిమా ఆఫీసుల గాలి తగలని చోట, సముద్రం పక్కన ఉండాలని నిర్వాహకులు ఏరికోరి ఎంచుకున్నారట. వాళ్ళకి ప్రపంచంలో ఇంకో సముద్రమే దొరకలేదు పాపం! ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉందని పక్కింటి మామ్మ బోసినోటితో విరగబడి నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. కాసేపటికి నాకూ నవ్వాగలేదు. సూట్‌కేసు మీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను.

అమ్మ మాత్రం నవ్వలేదు. ఆవిడ మిషన్ బళ్ళో టీచరుగా చేసి రిటైరయింది. మాది లూథరన్ కుటుంబం. ప్రతి బుధవారం సాయంత్రం మా ముందుగదిలో స్త్రీల సమాజం వాళ్ళ ఇంటి ప్రార్థన జరుగుతుంది. పాట, బైబిలు వాక్యం అయ్యాక పాస్టరమ్మగారు మనవులేమైనా ఉన్నాయా అని అడుగుతారు. ఒకరు మోకాళ్ళ నొప్పి అంటారు, ఒకరు కోడలి కాన్పు అంటారు. మా అమ్మ మనవి ఎప్పుడూ ఒకటే. మా అమ్మాయి మనసు సినిమాల మీంచి మళ్ళి ఒక బళ్ళో స్థిరపడాలి. అందరూ కళ్ళు మూసుకుని గట్టిగా అదే అడిగేవారు. హైదరాబాదులో సీరియళ్ళకి మాటలు రాసేవాళ్ళ దగ్గర సహాయకురాలిగా చేసి, తెర మీద ఒక్కసారీ పేరు పడకుండా ఇంటికొచ్చి కూర్చున్న నేను, ఆ ఆమెన్ కాగానే వాళ్ళందరికీ టీ ఇచ్చేదాన్ని. నా ఉద్యమం మీద దండయాత్ర చేసి వచ్చినవాళ్ళకి నేనే చక్కెర సరిపోయిందా అని అడగాలి. ఈ దేశంలో ఏ రచయితకైనా ఇంత అన్యాయం జరిగిందా?

పొన్నూరులో మావయ్య వరసాయన ఇంగ్లీషు మీడియం స్కూలు నడుపుతాడు. జూన్‌లో నాకు అక్కడ ఉద్యోగం సిద్ధంగా ఉంది. నేను ఎటూ తేల్చుకోలేక ఊగిసలాడుతున్నాను. వర్క్‌షాపు చివరి రోజున రెండు కథలని ఎంచి, వాటిని ఏడాదిపాటు నడిపించి నిర్మాతల దాకా చేరుస్తారని మెయిల్‌లో ఉంది. ఉత్సాహం తలకెక్కి అమ్మతో పందెం వేశాను. ఆ రెండింట్లో నాది ఉంటే ఇంక బడి మాట ఎత్తకూడదు. లేకపోతే నోరు మూసుకుని పొన్నూరు వెళ్తాను, మళ్ళీ కథ అననే అనను. అమ్మ సరే అంది. అంత తేలిగ్గా సరే అనేసరికి నాకు భయమేసింది.

బాపట్లలో సముద్రం దగ్గరి అతిథి గృహానికి చేరేసరికి ఆ భయం ఎటు పోయిందో పోయింది. కెన్యా నుంచి ఒకతను, శ్రీలంక నుంచి ఒకమ్మాయి, ఇంకా ఎక్కడెక్కడి వాళ్ళో. భోజనాల దగ్గర అందరం ఒకేసారి మాట్లాడేవాళ్ళం. గోంగూర కలుపుకుని తిని కళ్ళు తుడుచుకుంటూ విలన్ ఎందుకు మంచివాడై ఉండాలో వాదించుకునేవాళ్ళం. ఇసకలో పరుగెత్తుతూ ఒకరి కథలో ఒకరం వేషాలు వేసేవాళ్ళం. పుట్టి బుద్ధెరిగాక రాతలో ఉన్న కష్టం గురించి నేను చెప్తుంటే నిజంగా తలూపే మనుషులని అక్కడే చూశాను. ఒంటరిగా నాకు పిచ్చేమోనని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ పిచ్చివాళ్ళు దేశానికొకరు ఉన్నారు, అంతే తేడా.

నాకు దారి చూపించడానికి ఇచ్చిన పెద్దావిడ ఐర్లండు నుంచి వచ్చింది. ముప్పావు జీవితం టీవీకి రాసిన మనిషి, నవ్వితే భుజాలు ఎగురుతాయి. నా కథ ఇదీ. కృష్ణ మధ్యలో ఉన్న లంకకి ఒక పడుచు నర్సు కాన్పు చేయడానికి వెళ్తుంది. పడవవాడు ఆమెని దింపి వెళ్ళాక వరద వస్తుంది. తల్లినీ పసిబిడ్డనీ తీసుకుని బడి మిద్దె ఎక్కుతుంది. కానీ సినిమా మొదలయ్యేది అక్కడ కాదు. ఏళ్ళ తరవాత అదే నర్సు ఒక సభలో నిలబడి, దేవుడి దయవల్ల ఆనాడు బతికి బయటపడ్డానండి అని చెప్పడంతో మొదలవుతుంది.

"ఆమె బతికిందని మొదటి నిమిషంలోనే చెప్పేశావు. ఇక నేను ఆమె గురించి ఎందుకు భయపడాలి?" అంది పెద్దావిడ.

నా దగ్గరున్న మిగతా కథలు కూడా తీసి చదివింది. అన్నీ అంతే. అన్నింట్లోనూ మొదటి సీన్లోనే గండం గడిచిపోయి ఉంది. నేనే తెల్లబోయాను. ఆలోచిస్తే కారణం దొరికింది. మా వాళ్ళల్లో సాక్ష్యం చెప్పేటప్పుడు ఎవరైనా లేచి నిలబడి ముందు దేవుడికి స్తోత్రం చెప్తారు, నన్ను కాపాడాడు అంటారు, ఆ తరవాతే ఏ గోతిలో పడ్డారో చెప్తారు. వినేవాళ్ళని ఊరికే కంగారు పెట్టడం మర్యాద కాదు. చిన్నప్పటి నుంచి బుధవారం బుధవారం అవి వింటూ పెరిగిన నాకు కథంటే అలాగే ఉంటుందని ఒంటికి పట్టేసింది. ఇదంతా చెప్తే ఆవిడ భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వింది.

ఆ వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉంది. సినిమాతో ఏ సంబంధమూ లేనివాళ్ళ ముందు కూర్చుని కథని ఇంటర్వెల్ దాకా చెప్పాలి. అక్కడ ఆపెయ్యాలి. కాగితం చూడకూడదు, వినేవాళ్ళ మొహాలు చూడాలి. పక్కన కూర్చున్న పెద్దవాళ్ళూ మొహాలే చూస్తారు, కాబట్టి భాష రాకపోయినా ఫరవాలేదు. కెన్యా అతను దుబాసీని పెట్టుకుని ఒడ్డున జాలర్లకి చెప్పాడు. మంచి పట్టులో ఉండగా వాళ్ళు లేచి వల లాగడానికి వెళ్ళిపోయారట. నా సంగతి వచ్చేసరికి పెద్దావిడ, ఆ బుధవారం ఆడవాళ్ళకే చెబుదువుగాని పద, అంది. కుడితిలో పడ్డ ఎలుకలా అయింది నా పని. నా రాత మానిపించమని దేవుణ్ణి అడిగేవాళ్ళ దగ్గరికే నా రాత పట్టుకెళ్ళాలి!

సభ సీను పీకేశాను. ఇద్దరం రైలెక్కి తెనాలిలో మారి రేపల్లె పాసింజరు పట్టుకున్నాం. ఎదురు సీటామె పెద్దావిడకి జామకాయ ముక్కలు ఇచ్చి, పిల్లలెంతమందమ్మా, కోడళ్ళు బాగా చూస్తారా అని నా చేత అడిగించింది. కోడలు లేదు, అల్లుడున్నాడు, వంట బాగా చేస్తాడు అని తెలిసి పెట్టె అంతా పెద్దావిడ అదృష్టాన్ని మెచ్చుకుంది. రేపల్లెలో దిగేసరికి ఆవిడ మా ఊళ్ళో సగంమందికి చుట్టమైపోయింది.

ముందుగది నిండింది. పెద్దావిడకి ఫ్యాను కింద ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఆవిడ నేర్చుకున్న ఒక్క మాట, వందనాలండి, అనేసరికి అందరూ మురిసిపోయారు. పాట అయ్యాక నేను చాప మీద కూర్చుని మొదలుపెట్టాను. మొదట్లో నా గొంతు నాకే వినపడలేదు. నర్సు పడవ దిగేసరికి పక్కింటి మామ్మ విసనకర్ర ఆపింది. నీళ్ళు బడి అరుగు ఎక్కేసరికి పాస్టరమ్మగారు ముందుకి జరిగారు. అమ్మ వంటింటి గుమ్మంలో గారెల పళ్ళెం పట్టుకుని నిలబడింది. మిద్దె మెట్లలో పైమెట్టు ఒక్కటే మిగిలింది. నర్సు ఫోన్లో ఛార్జింగ్ అయిపోయింది. అప్పటిదాకా గుక్కపెట్టిన పసిబిడ్డ ఏడుపు ఆపేసింది. నర్సు చీకట్లో ఆ బిడ్డ ఛాతీ మీద చెయ్యి వేసింది. ఇంటర్వెల్. ఆపేశాను.

ఒకరి తరవాత ఒకరు కళ్ళు మూసుకున్నారు. పెద్దావిడ మొహం పాలిపోయింది. నా వైపు వంగి, నిద్రపోయారా అని గుసగుసగా అడిగింది. నేను జవాబు చెప్పేలోపే పాస్టరమ్మగారి గొంతు లేచింది. "తండ్రీ, ఆ మిద్దె మీదున్న బిడ్డని జ్ఞాపకం చేసుకో నాయనా. జలప్రళయంలో నోవహు ఇంటివాళ్ళని దాటించినట్టు వాళ్ళనీ దాటించు."

ఆ వెంటనే మామ్మ అందుకుంది. నర్సు చేతికి బలం ఇమ్మంది, పడవవాడికి బుద్ధి ఇమ్మంది, అధికారులని కదిలించమంది. ఒకామె బాలింతకి జ్వరం రాకూడదంది. ఆ సంగతి నాకు తట్టనే లేదు! కథమ్మా, నేను కల్పించిందమ్మా అందామని నోరు తెరిచి మూసుకున్నాను. పెద్దావిడకి చెవిలో సంగతి చెప్తే ఆవిడ రెండు చేతులతో నోరు మూసుకుంది. కళ్ళు మాత్రం నీళ్ళు కారుస్తున్నాయి. నాకు ఒళ్ళంతా పులకరించి, ఎగిరి గంతేసి, ఆ చాప మీద మొగ్గలు వెయ్యాలనిపించింది. నేను కల్పించిన మనిషి కోసం నిజమైన మనుషులు దేవుడి కాళ్ళు పట్టుకున్నారు.

ఆమెన్ అయ్యాక మామ్మ నా గడ్డం పట్టుకుని అడిగింది. "ఎవరమ్మాయే అది? ఏ లంక? అసలు బతికిందా?"

ఇంటర్వెల్ దాకానే చెప్పాలి మామ్మా అన్నాను. నిజానికి మిగతాది నాకూ తెలీదు. బిడ్డ ఏడుపు ఎందుకు ఆపిందో, వాళ్ళని మిద్దె మీంచి ఎలా దించాలో ఎన్ని రకాలుగా రాసినా కుదరక వదిలేశాను. మనవులున్నాయా అని పాస్టరమ్మగారు అడిగినప్పుడు అమ్మ ఏమీ లేవంది. పరాయి దేశం మనిషి ముందు ఇంటి గుట్టు ఎందుకులే అనుకుందని నాకనిపించింది. మళ్ళీ రైలెక్కేదాకా అమ్మ కథ గురించి ఒక్క ముక్క అనలేదు. పెద్దావిడ చేత ఇంకో రెండు గారెలు మాత్రం తినిపించింది.

తరవాతి రోజులన్నీ గాల్లో తేలాను. ఆ బుధవారం సంగతి పెద్దావిడ అందరికీ అభినయించి చూపించింది. కెన్యా అతను పొద్దున్నే కనపడగానే, నర్సు ఎలా ఉంది అనేవాడు. గెలిచేశాననే అనుకున్నాను. పొన్నూరు స్కూలు మావయ్యకి ఎంత మర్యాదగా వద్దని చెప్పాలో కూడా మాటలు కూర్చుకున్నాను.

చివరి రోజున రెండు పేర్లు చదివారు. ఒకటి శ్రీలంక అమ్మాయిది. రెండోది కెన్యా అతనిది. నాది లేదు. నా కథ మొదటి సగం లాంటిది తాము ఈమధ్య వినలేదనీ, రెండో సగం ఇంకా పుట్టనే లేదనీ చెప్పారు. అబద్ధమైతే పోట్లాడేదాన్ని. ఇద్దరినీ కావలించుకుని, చప్పట్లు కొట్టి, అరిచి, బయటికొచ్చి ఇసకలో కూలబడ్డాను. ఏడుపు తన్నుకొచ్చింది. పెద్దావిడ వచ్చి పక్కన కూర్చుని, నా వీపు నిమురుతూ ఉంది. కాస్త తేరుకున్నాక అమ్మకి ఫోన్ చేశాను. ఆడినమాట తప్పితే ఆవిడ దగ్గర బతకలేను.

"నాది రాలేదమ్మా. జూన్‌లో వస్తానని పొన్నూరు మావయ్యకి చెప్పెయ్."

అమ్మ అడిగింది. "సరేగానీ, నీళ్ళు తగ్గాయా?"

ఏ నీళ్ళమ్మా అన్నాను. బాపట్లలో వానే లేదు.

"ఏ నీళ్ళేంటే? నీ ఉద్యోగం మనవి పక్కన పెట్టి, బుధవారం అందరం ఆ నర్సు పిల్ల కోసమే మోకరించాం. మామ్మయితే రోజూ గోడ అవతల నుంచి అడుగుతుంది, పసిగుడ్డు ఏడ్చిందా లేదా అని. అదక్కడ మిద్దె మీద తడుస్తా కూర్చుంటే, నువ్వు పొన్నూరెళ్ళి పిల్లకాయలకి ఎక్కాలు చెప్తావా? మావయ్యకి నేను చెప్పుకుంటాలే. నువ్వు ఇంటికొచ్చి ముందు దాన్ని కిందకి దించు."