వీరన్నగారు విప్పిన సైకిలు

గొడుగు గుడ్డ ఒక పక్క, కర్ర ఒక పక్క, కమ్మీలు ఎనిమిదీ అరుగు మీద వరసగా పరిచి ఉన్నాయి. ఇంకో కమ్మీని ఎండకి పట్టి అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు వీరన్నగారు.

"ఒరే దొరబాబూ, గొడుక్కి కమ్మీలు ఎన్నిరా?"

"ఎనిమిదండి" అన్నాను.

"మరి ఈ తొమ్మిదోది ఎక్కడిదిరా?"

"నిన్న కరణంగారి హార్మణీ విప్పేరు కదండీ."

"ఆయ్, అదే! పొద్దుటి నించీ పెట్టె పలకట్లేదని ఆయన ఒకటే గోల, పాపం."

వీరన్నగారికి ఉన్న గుణం అదొక్కటే. బిగించి ఉన్న వస్తువు కనిపిస్తే విప్పకుండా ఉండలేరు. ఎనిమిదెకరాల కొబ్బరి తోట ఉంది, ఊళ్ళో మంచి పేరుంది, చుట్ట లేదు, పేకాట లేదు. స్క్రూ తల కనిపిస్తే మాత్రం ఆయన చేతులు ఆయన మాట వినవు. "ఒక్కసారి చూసి ఇచ్చేస్తానండి" అనేవారు. ఆ మాట వినగానే తెలిసినవాళ్ళు వస్తువు పట్టుకుని పరిగెత్తేవారు. తెలియనివాళ్ళు నిలబడేవారు.

పెద్దల్లుడు మొదటిసారి అత్తారింటికి వచ్చి, చేతి గడియారం తీసి కిటికీలో పెట్టి స్నానానికి వెళ్ళాడు. తల తుడుచుకుంటూ వచ్చేసరికి గడియారం ఇరవైమూడు ముక్కలై పళ్ళెంలో ఉంది. "మంచి గడియారమండీ అల్లుడుగారూ, లోపల కూడా బాగుంది" అన్నారట మావగారు. కాంపౌండరు తన సూది పెట్టెకి తాళం వేసుకుని ఆ వీధిలోకి వచ్చేవాడు. ఇక వీరన్నగారి భార్య సత్తెమ్మగారు, భర్త ఇంట్లో ఉన్నంతసేపూ కుట్టుమిషను మీద నించి చెయ్యి తీసేవారు కాదు. భోజనం కూడా దాని పక్కనే.

కొత్తపేట వెళ్ళే దారిలో కాలవ గట్టున నాది సైకిలు షాపు. నాకు పని ఎవరూ నేర్పలేదు. ఒక పాత సైకిల్ని ఏడాది పాటు పాడుచేసి నేర్చుకున్నాను. అందుకేనేమో వీరన్నగారంటే నాకు చిరాకు ఉండేది కాదు. విప్పినవి మూటగట్టుకుని వచ్చి, నా పక్కన కూర్చుని, నా పానా అడిగి తీసుకుని ఆయనే బిగించేవారు. నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు. మా పనిలో అదే పద్ధతి కూడా. ఎవరు విప్పారో వాళ్ళే బిగించాలి. మధ్యలో ఇంకొకడు చెయ్యి పెడితే ఏ నట్టు ఎంతవరకు బిగిసిందో ఎవరికీ తెలియదు. చక్రం దారిలో ఊడుతుంది, తప్పు ఎవరిదీ కాకుండా పోతుంది.

యాభై ఆరులో మా ఊరి మహిళా మండలి తరఫున చిన్నపిల్లలకి బాలవాడి పెట్టారు. చోటు వీరన్నగారి బండి సావిడి. టీచరు సలోమి. ఊరవతల పేటలో పిల్ల, మిషన్ బళ్ళో అయిదో తరగతి దాకా చదివింది. బొమ్మలు లేవు, బల్లలు లేవు, ముప్ఫై మంది పిల్లలున్నారు. వీరన్నగారి ఇంట్లో మిగిలిపోయిన నట్లూ బోల్టులూ అడిగి తెచ్చుకుని, ఏ నట్టు ఏ బోల్టుకి పడుతుందో పిల్లల చేత పెట్టించేది. కొబ్బరి చిప్పలు చిన్నవాటి నించి పెద్దవాటి దాకా పేర్పించేది. రైతుల పిల్లలూ పేట పిల్లలూ ఒకే చాప మీద కూర్చుని కొట్టుకునేవారు, ఒకే చాప మీద కూర్చుని రాజీపడేవారు. ఆవిడ గొంతు పెంచడం నేను వినలేదు.

రెండేళ్ళు అలా నడిచాక బ్లాకు ఆఫీసు నించి కాగితం వచ్చింది. ఎనిమిదో తరగతి, ట్రైనింగు రెండూ లేని టీచర్లను నెలాఖరుకి తీసెయ్యాలని. సలోమి చోటుకి ఎనిమిది చదివిన మనిషిని అప్పుడే చూసిపెట్టారని కూడా అన్నారు. ఆ జీతం మీదే సలోమి, ఆవిడ తల్లి ఎలీసమ్మ బతుకుతున్నారు.

"వీరన్నగారితో చెప్పలేకపోయావా అమ్మా?" అన్నాను.

"చెప్పేనండి."

"ఏమన్నారు?"

"అంతా విన్నారండి. విని, నీ కత్తెర మొద్దుబారినట్టుంది, ఒక్కసారి చూసి ఇచ్చేస్తానని విప్పుకుని పట్టుకెళ్ళిపోయేరండి."

నాకు మొదటిసారి ఆయన మీద కోపం వచ్చింది. అవతల మనిషి బతుకు పోతుంటే కత్తెరేమిటి?

ఆఖరి తనిఖీ సోమవారం. ఆదివారం సాయంత్రం వీరన్నగారి నించి కబురొచ్చింది. పొద్దున్నే పానాలన్నీ తీసుకుని సావిడి దగ్గరికి రమ్మని. నీళ్ళ ఇంజను విప్పుతారు కాబోలనుకున్నాను.

ఎనిమిది గంటలకి బంగారరాజుగారు సైకిలు దిగారు. బ్లాకులో బాలవాడీలు చూసే అధికారి. చెడ్డ మనిషి కాదు, అయిదు నిమిషాల మనిషి. గుమ్మంలో నిలబడి తలలు లెక్కపెట్టడం, రాసుకోవడం, వెళ్ళిపోవడం.

"చదువెంతమ్మా?"

"అయిదండి."

"ట్రైనింగు?"

"లేదండి."

"వచ్చిన టైము ఎనిమిది" అని రాసుకుని, "వెళ్ళే టైము వేసి సంతకం పెట్టాలి, అంతే" అంటూ ఆయన వెనక్కి తిరిగారు.

ఖణేల్‌మని చప్పుడు. సైకిలు కొబ్బరి చెట్టుకి ఆనుకుని ఉంది. వెనక చక్రం మాత్రం వీరన్నగారి ఒళ్ళో ఉంది.

"ఏవండీ! ఏమిటది!"

"ఇందులో చిన్న చప్పుడొస్తోందండి. ఒక్కసారి చూసి ఇచ్చేస్తానండి."

"నాకేం వినపడలేదే!"

"తొక్కేవాళ్ళకి వినపడదండి."

గుమ్మంలో ఉన్న సత్తెమ్మగారు "అయ్యో నా తల్లీ" అని నుదురు కొట్టుకున్నారు. సైకిలు ఇప్పట్లో చేతికి రాదని ఊరివాళ్ళకి అర్థమైంది. బంగారరాజుగారికి కాలేదు.

"పది నిమిషాల్లో బిగించాలి. నాకింకా రెండు ఊళ్ళున్నాయి."

"ఆయ్."

పది నిమిషాలయ్యేసరికి ఇరుసు బయటికి వచ్చింది. అరగంటకి చైను ఊడింది. బంగారరాజుగారు గట్టు మీద అటూ ఇటూ తిరిగారు. ఎండెక్కాక సావిడిలోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. సంచీ ఒళ్ళో ఉంది, సంచీలో ఆ కాగితం ఉంది. సలోమి కథ మొదలుపెట్టింది కానీ కళ్ళు ఆ సంచీ మీదే ఉన్నాయి. కథలో ఆవు రెండుసార్లు అడివికి వెళ్ళింది, ఒకసారి కూడా తిరిగి రాలేదు. పిల్లలే సర్దారు. "టీచరండీ, ఆవు ఇంటికొచ్చేసిందండి" అన్నాడొకడు. ఆవిడ నవ్వింది. అక్కడి నించి కథ కుదుటపడింది.

పది దాటింది. బంగారరాజుగారు నా దగ్గరికి వచ్చారు.

"నువ్వు సైకిలు మేస్త్రీవి కదూ? నువ్వు బిగించు."

"ఆయన విప్పేరండి. ఆయనే బిగించాలండి. మా పనిలో పద్ధతండి."

"పద్ధతేమిటయ్యా! నాకు ఆలస్యమవుతోంది!"

"దారిలో చక్రం ఊడితే మాటొస్తుందండి."

ఆయన పళ్ళు కొరుక్కుంటూ వెళ్ళి కూర్చున్నారు. నేను వీరన్నగారి పక్కన చేరాను. ఇరుసు ఎక్కించారు, నట్టు బిగించారు. చక్రం తిప్పి చూశారు. నూనెలో తిరిగినట్టు తిరిగింది. వెంటనే నట్టు మళ్ళీ విప్పడం మొదలుపెట్టారు.

"బిగిసింది కదండీ!" అన్నాను మెల్లిగా.

"బిగిసిందిరా. అందుకే విప్పుతున్నాను."

నవ్వలేదు, కన్ను గీటలేదు. చూపు నట్టు మీదే ఉంది. నలభై నిమిషాల పనిని ఆయన మూడోసారి చేస్తున్నారు. ఈ మనిషి చేతులు తెలిసి కూడా, కావాలనే ఆలస్యం చేస్తున్నారని నాకు అప్పటిదాకా తోచలేదు. ఎందుకో మాత్రం అప్పటికీ అర్థం కాలేదు.

ఇరుసు మళ్ళీ బయటికి వచ్చాక, "బాల్సు ఎక్కడ పెట్టేరు?" అన్నాను. ఇరుసు చుట్టూ తిరిగే ఇనుప గుళ్ళు అవి, అటు తొమ్మిది, ఇటు తొమ్మిది. ఇత్తడి గిన్నెలో కిరసనాయిలు పోసి వేశారట. లెక్కపెట్టాను. పదిహేడే ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను. పదిహేడే.

వీరన్నగారు పంచె మడతల్లో, మట్టిలో వెతికారు. తలెత్తి సావిడి వైపు చూశారు. ఆయన మనవరాలు సూర్యావతి, మూడేళ్ళది, చాప చివర కూర్చుంది. ఒక బుగ్గ ఉబ్బి ఉంది.

ఆయన మొహం పాలిపోయింది. చెయ్యెత్తి అటు చూపించారు. బంగారరాజుగారు చూడనే చూశారు.

"మింగేస్తుంది! పట్టుకోండి!" అని లేచారు.

సలోమి ఆయన వైపు తిరగలేదు. వెనక్కి చెయ్యి చాపి, అరచెయ్యి చూపించింది. కూర్చోమని. అధికారి కూర్చున్నారు. ఆవిడ అన్నం పళ్ళెం ఒకటి తీసి పిల్లల మధ్య పెట్టి, మోకాళ్ళ మీద వంగి, మొహం నేలకేసి దించింది.

"మనందరం పిల్లులమండీ. ఇందులో పాలున్నాయండి. పిల్లి పాలెలా తాగుతుంది?"

ముప్ఫై తలలూ కిందికి వంగాయి. ముప్ఫై నాలికలూ బయటికొచ్చాయి. సూర్యావతి ఒక్కతే ఆలోచించింది. పాలు తాగుదామా, దాచుకున్నది దాచుకుందామా? సలోమి తొందరపెట్టలేదు. పక్కకి చూడలేదు. తనే ముందు నాలిక చాపి పళ్ళేన్ని నాకుతున్నట్టు చేసింది.

సూర్యావతి వంగింది. నాలిక చాపింది.

టింగ్.

ఆ గుండు పళ్ళెంలో దొర్లుతుంటే సలోమి రెండు వేళ్ళతో తీసి కొంగుకి ముడేసింది. "పెద్ద పిల్లి ఎవరండీ? మ్యావ్ అనండి" అంది. పిల్లలు అరుస్తుండగా గోడ వైపు తిరిగి నిలబడింది. ఆవిడ భుజాలు అదరడం వెనకనున్న మాకే కనిపించింది.

వీరన్నగారు మట్టిలో చతికిలబడిపోయారు. "నా బుద్ధి గడ్డి తిందిరా దొరబాబూ. ఆ గిన్నె కింద పెట్టకుండా ఉండాల్సింది" అన్నారు. విప్పినందుకు ఆయన బాధపడటం అదే మొదలు.

బంగారరాజుగారు మొహం తుడుచుకున్నారు. చాలాసేపు పిల్లల వైపు చూశారు.

"నేనింకా అరిచి ఉంటే మింగేసేది" అన్నారు తనలో తాను. తరవాత సలోమితో, "ఇది నీకెవరు నేర్పేరమ్మా?"

"ఎవరూ నేర్పలేదండి. పిల్లల్ని చూస్తే తెలుస్తుందండి."

"నీలాంటిదానికే ట్రైనింగు ఇవ్వాలి. కానీ ఎనిమిది లేదు కదా. నా చేతుల్లో ఏముంది?"

వీరన్నగారు లేచి, చేతులు పంచెకి తుడుచుకుంటూ వచ్చారు.

"నాలుగో పేజీలో ఉందండి."

"ఏమిటి?"

"మీ చేతుల్లో ఏముందో అదండి. ఆ ఉత్తరువు నాలుగో పేజీలో ఉందండి."

బంగారరాజుగారు సంచీలోంచి ఉత్తరువు తీశారు. ఎనిమిది పేజీలు, అంచున దారంతో గట్టిగా కుట్టి ఉంది. పై పేజీ తప్ప మడత కూడా విరగలేదు.

"మీరెలా చూసేరు?"

"మా ఆవిడ మండలికి కూడా ఇలాంటిదే వచ్చిందండి. కుట్టు కనిపించిందండి. విప్పకుండా ఉండలేకపోయేను. విప్పేక చదవకుండా ఎలాగండి?"

బంగారరాజుగారు నాలుగో పేజీ తీసి పైకి చదివారు. చదువు తక్కువైనా, ఒక పూట పూర్తిగా కూర్చుని పని చూసిన అధికారి సిఫార్సు చేస్తే రెండు నెలల ట్రైనింగుకి పంపవచ్చు. ఆ రెండు నెలలూ జీతం ఆపకూడదు. బాలవాడి మాత్రం మూతపడకూడదు.

చదివి ఆయన సైకిలు వైపు చూశారు. తరవాత గడియారం చూశారు. పన్నెండు. వీరన్నగారు నేల చూపులు చూస్తున్నారు.

"పూట అయిందాండీ?" అన్నారు వినయంగా.

బంగారరాజుగారి మీసం కింద ఏదో కదిలింది. "అయింది."

"మరి బాలవాడి మూతపడకుండా ఎవరు చూస్తారు?" అని ఆయనే అడిగారు.

"నేను చూస్తానండి" అన్నారు సత్తెమ్మగారు గుమ్మంలోంచి. "కుట్టుమిషను మాత్రం ఇక్కడికి తెచ్చుకుంటాను. ఈయనున్న ఇంట్లో వదలను."

బంగారరాజుగారు కాగితం స్టూలు మీద పెట్టి, తీసెయ్యాలన్న మాట కొట్టేసి, కొత్తగా నాలుగు పంక్తులు రాశారు. సలోమి చేత సంతకం పెట్టించారు. ఆవిడ పెన్ను పట్టుకున్న చెయ్యి నిలకడగానే ఉంది. ఇటు వీరన్నగారు కొంగుముడి విప్పించి పద్దెనిమిదో గుండు తీసుకున్నారు. గ్రీజు పెట్టి, అటు తొమ్మిది, ఇటు తొమ్మిది పేర్చారు. ఇరుసు, నట్టు, చైను, బ్రేకు. నేను గడియారం చూశాను. ముప్ఫై అయిదు నిమిషాలు. నాకైతే నలభై.

"పక్క ఊరి బాలవాడీలో పిల్లకి కూడా అయిదో తరగతేనట" అన్నారు బంగారరాజుగారు సంచీ భుజానికి తగిలించుకుంటూ. "రేపు అక్కడికి వెళ్ళాలి."

"సైకిలు మీదేనా అండీ?" అన్నారు వీరన్నగారు, కళ్ళు మెరుస్తుండగా.

"మీరు రానక్కర్లేదు. పూటంతా నేనే కూర్చుంటాను."

"ఆయ్."

వీరన్నగారు చక్రం ఎత్తి ఒకసారి తిప్పారు. చెవి దగ్గర పెట్టి విన్నారు. చప్పుడు లేదు. కండువాతో సీటు తుడిచి, హేండిలు తిప్పి ఆయన చేతికి అందించారు. బంగారరాజుగారు రెండు చేతులా పట్టుకున్నారు.