ఎర్ర సిరా సంతకం

ఎనభైల చివర్లో మిర్యాలగూడలోని ఒక బడిలో కొత్తగా ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. ఒకరోజు ‘సౌండ్’ అంటే చప్పుడు, అంతే అన్నాను. గొర్రెలకాపరి కూతురు యాదమ్మ చెయ్యెత్తింది.

“ఏ దెబ్బ లేకుండ మంచిగున్నదని గూడ అర్థం ఉన్నది సార్. మా అన్న డిక్షనరీల సూసిన.”

పిల్లలంతా నావైపు చూశారు. నాకు తెలియదని ఒప్పుకోలేకపోయాను.

“నాకే చెప్తున్నవా? సౌండంటే చప్పుడేనని వందసార్లు రాసుకొని రా.”

సాయంత్రం డిక్షనరీ తెరిస్తే ఆ పిల్ల చెప్పిన అర్థం కనిపించింది. ఆ మాట క్లాసులో చెప్పాలనే మర్నాడు వెళ్లాను. యాదమ్మ నోటుబుక్కు నా ముందు పెట్టింది. వంద వరసలూ రాసింది. అందరూ చూస్తుండగా కింద ఎర్ర సిరాతో సంతకం పెట్టి, కూర్చోమన్నాను.

ఆ ఏడాదంతా యాదమ్మ మళ్లీ చెయ్యెత్తలేదు. ఎందుకని నేనూ అడగలేదు.