మోసాలు పట్టే కంపెనీలో మా వాటాలు

ఒడిశాలోని రాయగడలో మాకు పసుపు, చింతపండు, పప్పుల హోల్‌సేల్ కొట్టు ఉంది. మా మామగారి తండ్రి పార్వతీపురం వైపు నుంచి వచ్చి పెట్టినది. కల్యాణసింగ్‌పూర్ నుంచి సరుకు దిగుతుంది. రామనగుడ, పద్మపూర్ చిల్లర కొట్లవాళ్ళు వచ్చి కొనుక్కుపోతారు. కొట్టు నేనూ మా ఆయనా చూసుకుంటాం. షేర్ల వ్యాపారం ఎలా ఉంటుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసింది మా బావకి, అంటే మా అక్క భర్తకి.

బావ కొరాపుట్ దగ్గర ఒక ప్రభుత్వ కర్మాగారంలో టెక్నీషియన్‌గా చేశారు. మీటర్లూ అలారాలూ ఆయన పని. ఎక్కడైనా వేడి ఎక్కువైనా, ఒత్తిడి తగ్గినా ముందే గుర్తుపట్టి చెప్పే పరికరాలకి కాపలా కాసినట్టు పనిచేశారు. రిటైరయ్యాక కొరాపుట్‌లోనే ఇల్లు కట్టుకున్నారు. చదవడం అలవాటు. ఒక కంపెనీ షేరు కొనాలంటే దాని వార్షిక నివేదిక మొత్తం జిరాక్స్ కొట్టులో ప్రింటు తీయించుకుని, పెన్సిలు పట్టుకుని చదివేవారు.

ఒక వేసవిలో మా కొట్లో మోసం జరిగింది. ఎవరో కుర్రాడు కందిపప్పు బస్తాలు తీసుకుని, ఫోనుతో స్కాన్ చేసి, డబ్బు పడినట్టు ఆకుపచ్చ గుర్తు చూపించి, ఆటోలో ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. డబ్బు పడలేదు. అది దొంగ యాప్. ఆ సంగతి ఫోనులో చెబితే బావ జాలిపడలేదు.

“అమ్మీ, ఊళ్ళో దొంగలు పెరిగితే తాళాలోడికి బేరం పెరుగుతాది. నాను తాళాలోడి షేర్లు కొంటన్నాను. మీరూ కొనండి” అన్నారు.

ఆయన చెప్పిన తాళాలవాడు ఆన్‌లైన్ చెల్లింపుల్లో మోసాలు పట్టే ఒక కంపెనీ. మనం ఫోనులో డబ్బు పంపినప్పుడు, పంపుతున్నది మనమేనా, మన పేరుతో ఇంకెవడైనానా అని రెప్పపాటులో చూసి బ్యాంకుకి చెప్పే సాఫ్ట్‌వేర్ దానిది. బావకి అది తన పాత ఉద్యోగంలాగే అనిపించింది. కొన్న రోజు నుంచి దాన్ని ‘మా కంపెనీ’ అనే పిలిచేవారు. మేమూ కొన్నాం. ధర పెరుగుతూ పోయింది. పసుపు సీజన్‌లో మిగిలినది నేను దాన్లోనే వేస్తూ వచ్చాను. పొద్దున్న మార్కెట్ తెరిచే వేళకి బావ దగ్గర నుంచి ఫోను వచ్చేది. “మా కంపెనీ ఇయాల బాగుందమ్మీ” అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసేవారు.

ఒకరోజు ఆ ఫోను రాలేదు.

నేనే తెరిచి చూశాను. ధర ఎర్రగా ఉంది. అమ్మడానికి నొక్కితే ఆర్డరు అలాగే పడి ఉంది. అమ్మేవాళ్ళు లక్షల్లో ఉన్నారు, కొనేవాడు ఒక్కడూ లేడు. అలాంటిది ఉంటుందని కూడా నాకు తెలియదు. ఫోను పాడయిందేమోనని మా ఆయన ఫోనులో చూశాను. అదే. తర్వాత వార్త కనిపించింది. కంపెనీ లెక్కలు చూసే ఆడిటర్లు తప్పుకున్నారట. విదేశాల్లో తమ సాఫ్ట్‌వేర్ కొంటున్నారని చూపించిన ఖాతాదారుల్లో చాలామంది అసలు లేరట. జరగని అమ్మకాలు జరిగినట్టు రాశారట.

చదివాను కానీ బుర్రకెక్కలేదు. మళ్ళీ చదివాను. ఎదురుగా పద్మపూర్ నుంచి వచ్చిన ఆయన పసుపు ధర అడిగితే చింతపండు ధర చెప్పాను. ఆయన నా ముఖం చూసి, “ఒంట్లో బాగులేదేటమ్మా?” అన్నాడు. మోసాలు పట్టే కంపెనీ మోసం చేయడమేమిటన్న దగ్గరే నా ఆలోచన ఆగిపోయింది. అక్కడి నుంచి ముందుకి కదల్లేదు.

బావకి ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. అక్క ఎత్తింది.

“మాటాడ్డం లేదే. పొద్దున్న టీ ఇచ్చేను, పెట్టినకాడే ఉంది. ఏటయిందని అడిగితే గోడకేసి సూస్తన్నారు. నాకు బయ్యంగా ఉంది” అంది.

మా ఆయన అప్పటికే షట్టర్ సగం దించేశారు. “రేపు పొద్దున్న బండికి ఎల్దాం” అన్నారు.

రాయగడ నుంచి కొరాపుట్ వెళ్ళే రైలు దారి అంతా కొండలూ సొరంగాలూ. ఎప్పుడూ కిటికీ దగ్గర కూర్చుని లోయలు చూసేదాన్ని. ఆ రోజు ఫోనే చూశాను. సొరంగంలోకి వెళ్ళగానే సిగ్నల్ పోయేది. బయటికి రాగానే ధర ఇంకా కిందకి వచ్చిందేమోనని చూసేదాన్ని. పొద్దున్న తెరవగానే ఒక రోజులో పడనిచ్చే హద్దు దాకా పడిపోయింది, ఇంక ఆ రోజుకి కదలదని తెలిసినా చూస్తూనే ఉన్నాను. టికిరి దాటాక మా ఆయన ఫోను నా చేతిలోంచి తీసుకుని తన జేబులో పెట్టుకున్నారు.

కొరాపుట్‌లో దిగి ఆటోలో ఇంటికి వెళ్ళేసరికి మధ్యాహ్నం. తలుపు తీసే ఉంది. బావ ముందుగదిలో కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. గడ్డం గీసుకున్నారు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. గోడకేసి చూస్తున్న మనిషిని ఊహించుకుని వచ్చిన నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన ముందు బల్ల మీద ఫోను ఉంది. తెర నల్లగా ఉండి మధ్యలో ఒక చిన్న చక్రం తిరుగుతోంది.

“రండి, రండి. బయ్యం లేదు. సిన్న వాటాదారుల సంఘం వాళ్ళు ఫోన్ సేసేరు. ఎవరో పెద్ద సంస్థట, మనలాంటోళ్ళ షేర్లు మొన్నటి ధరకే కొంటన్నాది. ఇయాలే పేరు రాయించుకోవాల. మీ ఇద్దరివీ కూడా రాయిద్దాం” అన్నారు.

“ఎవరు సెప్పేరు బావా?”

“తెలుగాయనే. మర్యాదస్తుడు. వాటాదారుల వాట్సాప్ గ్రూపులో నాను రాసింది సదివేడట. యాప్ పంపేడు, ఫోన్లో ఏసేను. అంతా ఆయనే సేత్తన్నాడు, మనం ఏటీ నొక్కక్కర్లేదు.”

నేను ఫోను మీద చెయ్యి వెయ్యబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. “ముట్టుకోకమ్మీ. ఫారం ఎక్కతంది.”

అప్పుడే వంటగదిలోంచి అక్క తన ఫోను పట్టుకుని వచ్చింది. బావ పెన్షన్ ఖాతాకి ఆవిడ నంబరు కూడా కలిపి ఉంది.

“బేంకు నుంచి ఏదో వచ్చింది, సూడు. నాకు కళ్ళజోడు లేదు” అని నాకిచ్చింది.

బావ ఖాతాలోంచి డబ్బు వెళ్ళిపోయిందని ఉంది అందులో. ఆ సందేశాన్ని మా ఆయన ముఖం ముందు పెట్టాను. ఆయన ఒక్క అడుగులో వెళ్ళి బల్ల మీది ఫోను లాక్కుని, మీటలన్నీ కలిపి నొక్కి ఆపేసి, పిన్నీసుతో సిమ్ బయటికి లాగేశారు.

“ఏటి సేస్తన్నావు తమ్ముడూ, మొత్తం పోతాది” అని బావ లేచి నిలబడ్డారు.

“పోయింది అన్నయ్యా. ఇంకా పోకుండా ఆపుతన్నాను.”

బావ మా ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూశారు. తర్వాత అక్క ఫోను తీసుకుని తనే చదివారు. జీవితమంతా అలారాలతో గడిపిన మనిషి. ఆయన ముఖంలో అప్పుడు కనిపించినది దుఃఖం కాదు, కోపం కాదు. ఎవరో చెంప మీద కొట్టి వెళ్ళిపోతే, కొట్టినవాడు ఎటు వెళ్ళాడో తెలియని మనిషి ముఖం అది. కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా వీధిలోకి నడిచారు. అక్క చెప్పులు పట్టుకుని వెనక పరిగెత్తింది.

బ్యాంకుకి వెళ్ళే దారిలో ఆటోలోంచే మా ఆయన సైబర్ ఫిర్యాదుల నంబరుకి ఫోను చేసి అన్నీ చెప్పారు. బ్యాంకులో ఒడియా అమ్మాయి ఒకామె ఉంది, ఆఫీసరు. బావ ఏదో చెప్పబోయి ఆగిపోతుంటే, “బసొంతు ఆగ్యాఁ” అని కుర్చీ లాగి కూర్చోబెట్టి, ఖాతా మూసే పని మొదలుపెట్టింది. కాసేపు తెర చూసి, మళ్ళీ చూసి, మా వైపు తిరిగి హిందీలో చెప్పింది. మొదటి మొత్తం వెళ్ళిపోయింది. దాని వెనకే రెండోది, చాలా పెద్దది, పంపబోయారు. అది వెళ్ళలేదు. బ్యాంకు సిస్టమే ఆపేసిందట. కొత్త ఖాతా, ఎప్పుడూ లేనంత మొత్తం, ఫోనుని ఇంకెవరో దూరం నుంచి నడుపుతున్న గుర్తులు. అందుకని అనుమానించి ఆపేసింది.

అక్క చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను గోడకి ఆనుకున్నాను.

బావ మాత్రం ముందుకి వంగి, “ఆ సిస్టమ్ ఎవరిది?” అని అడిగారు.

ఆ అమ్మాయికి తెలియదు. అవన్నీ హెడ్డాఫీసు వాళ్ళు చూసుకుంటారంది.

“నాకు తెలుసు” అన్నారు బావ, తెలుగులో, మా వైపు తిరిగి. “ఈ బేంకు మా కంపెనీ ఖాతాదారే. నివేదికలో ఉంది. దేశంలో వాడుతున్న బేంకుల పేర్లు రాసేరు, అందులో ఇదొకటి. నాను పెన్సిల్‌తో గీత కూడా గీసేను.”

నిన్నటి నుంచి ఆ కంపెనీని మనసులో నానా తిట్లూ తిట్టుకున్నాను. దానివల్ల పోయినది పోగా, అక్కాబావల మిగిలిన జీవితం ఒక బటన్ దూరంలో ఉండగా, దాన్ని ఆపింది కూడా అదేనట. సంతోషించాలో ఏం చేయాలో తెలియలేదు. బావ అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, “పనిసేస్తంది కదా” అని రెండు మూడుసార్లు తనలో తనే అనుకున్నారు. “పనిసేసే వస్తువుకి అబద్దం ఎందుకు?”

కొన్ని నెలల తర్వాత కంపెనీ వార్షిక సమావేశం జరిగింది. పాత యజమానులు పోయి కొత్త డైరెక్టర్లు వచ్చారు. ఈ రోజుల్లో ఆ సమావేశాలు కంప్యూటర్లోనే జరుగుతాయి, ఒక్క షేరున్నా ముందుగా పేరిచ్చుకుంటే మాట్లాడనిస్తారు. బావ పేరిచ్చారు. నేను కొట్టు లాప్‌టాప్ పట్టుకుని కొరాపుట్ వెళ్ళాను.

ఆయన కన్నా ముందు చాలామంది మాట్లాడారు. కొందరు తిట్టారు. ఒకాయన ఏడ్చాడు. బావ వంతు వచ్చినప్పుడు గొంతు సవరించుకుని హిందీలో మొదలుపెట్టారు. తన పాత ఉద్యోగం చెప్పారు. కర్మాగారంలో అలారం అబద్ధం చెబితే మనుషులు చచ్చిపోతారన్నారు. తన ఖాతాలో జరిగినది చెప్పి, “మీ వస్తువు పనిచేస్తుంది. దానికి నేనే సాక్షిని. అది కాపాడిన డబ్బుతోనే మా ఇల్లు నడుస్తోంది. నిజంగా పనిచేసే దాన్ని నిజంగానే అమ్ముకోవచ్చు కదా. లేని ఖాతాదారుల్ని పుట్టించాలని అప్పటి బోర్డు గదిలో మొదట ఎవరన్నారు? వద్దని ఒక్కరైనా అన్నారా?” అని అడిగారు.

తెర మీద డైరెక్టర్లు కదల్లేదు. ఒకావిడ మాత్రం తల దించుకుంది. “ధన్యవాదాలు సార్, మీ ప్రశ్న నమోదు చేసుకున్నాం. తర్వాతి వాటాదారు” అని ఒక గొంతు వినిపించింది. చివర్లో అందరికీ కలిపి ఒకటే జవాబు చదివారు. విషయం కోర్టులో ఉంది కనుక ఏమీ చెప్పలేమన్నారు.

అక్క తలుపు దగ్గర నిలబడి, “ఏటన్నారు?” అంది.

“రాసుకున్నారట” అన్నారు బావ.

కొన్నాళ్ళకి ఆ షేరుకి మళ్ళీ కొనేవాళ్ళు కనిపించారు. వచ్చినంతకి నేను అమ్మేశాను. అవి ఉన్నంతకాలం నాకు పొద్దున్నే గుండె దడగా ఉండేది. బావ పెన్షన్‌లోంచి పోయిన డబ్బు ఇంకా రాలేదు, పోలీసు స్టేషను నుంచి అప్పుడప్పుడు పిలుస్తారు, వెళ్ళి సంతకం పెట్టి వస్తారు. కొత్త నంబరు నుంచి వచ్చే ఫోను ఆయన ఇప్పుడు ఎత్తరు. నేను కొత్త సిమ్ వేయించుకుని చేస్తే నాదీ ఎత్తలేదు, అక్కకి చేయాల్సి వచ్చింది.

తన షేర్లు మాత్రం అమ్మలేదు. పిచ్చి పని అని మా ఆయన అన్నారు, నేనూ అన్నాను.

“అమ్మేస్తే మరింక అడగడానికి ఉండదు కదమ్మీ” అన్నారు బావ. ఈసారి సమావేశానికి కూడా పేరిచ్చారు. ప్రశ్న అదే.