రేవు దాకా వెళ్లి వచ్చేవాళ్లు

సువర్ణ ఎవరినీ ఊరికే నమ్మే మనిషి కాదని మలికిపురంలో అందరికీ తెలుసు. మస్కట్ ఆసుపత్రిలో చాలా ఏళ్లు నర్సుగా చేసి వచ్చింది. పాలవాడి ఎదుటే పాలలో వేలు ముంచి చూస్తుంది. గ్యాసు బండ తెచ్చినవాణ్ణి గుమ్మం దాటనివ్వదు. అలాంటిది పెరటివైపు వాటా మణిపూర్ వాళ్లకిచ్చిందంటే వీధి వీధంతా నోరు వెళ్లబెట్టింది.

అక్కడి గొడవల్లో ఊరు తగలబడిపోయి, శిబిరాల్లో తలదాచుకుని వచ్చిన కుటుంబం అది. థాంగ్‌బోయ్, అతని భార్య కిమ్, బడికెళ్లే వయసున్న పాప. పాస్టరుగారు మొహమాటపెడితే సువర్ణ కాదనలేకపోయింది.

కొన్నాళ్లకే కొబ్బరికాయల వ్యాపారి హరిబాబు గేటు దగ్గర గొంతు తగ్గించాడు.

"సువర్ణమ్మగారండీ, మీ వాటాలో ఆయన మా కొట్టు దగ్గర ఏం అడిగేడో తెలుసాండి? దిండి వంతెన ఎంత దూరం, గోదారి దాటించే ఆఖరి పంటు ఎన్నింటికి, ఈ వీధిలో ఏ ఇల్లు ఎవరిది అని! కాపురానికొచ్చినోడు అడిగే మాటలాండి ఇవి?"

"ఆయ్, నేను కనుక్కుంటాను లెండి," అంది గానీ, ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

ఆ రోజు నుంచి వంటింటి కిటికీలోంచి కనిపెట్టడం మొదలుపెట్టింది. పాప పగలు కునుకు తీసినా బూట్లు విప్పదు. తలుపు పక్కనున్న సంచి వచ్చిననాటి నుంచీ విప్పినట్టు లేదు. గేటు చప్పుడైతే చాలు, కిమ్ పొయ్యి ఆర్పేస్తుంది. ఏ తప్పూ చేయనివాళ్లకి ఇంత ఉలుకెందుకు?

ఒక మిట్టమధ్యాహ్నం ముగ్గురూ సంచితో సహా ఆటో ఎక్కారు. సువర్ణ చెప్పులు వేసుకుని ఇంకో ఆటో ఆపింది. వాళ్లు సఖినేటిపల్లి రేవులో దిగారు. నరసాపురం పంటు జనాన్నీ మోటారుసైకిళ్లనీ ఎక్కించుకుంటోంది. వాళ్లు మాత్రం ఎక్కలేదు. థాంగ్‌బోయ్ వాచీ చూసుకుని, పాపకి పంటు వైపు చూపించి ఏదో చెప్పాడు. పాప ఒప్పజెప్పింది. మళ్లీ వెనక్కి తిరిగారు. తిరిగేసరికి ఎదురుగా సువర్ణ.

"ఏం చేస్తున్నారిక్కడ?" అంది, మస్కట్‌లో పట్టుబడ్డ హిందీలో.

అతని మొహం పాలిపోయింది. పాపని దగ్గరికి లాక్కున్నాడు. "మా ఊరికి ఒకటే దారి, సిస్టర్. దాన్ని మూసేశారు. మా అమ్మ పరుగెత్తలేకపోయింది. ఇక్కడ దారులెన్నో, ఏ ఇంటి తలుపు తట్టొచ్చో ముందే తెలుసుకుంటున్నాను. మేమిద్దరం లేకపోయినా పాప ఒక్కతే రాగలగాలి."

సువర్ణ పాప కాళ్లకున్న బూట్ల వైపు చూసింది.

"మీరెందుకు మా వెనక వచ్చారు?" అన్నాడతను.

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "అనుమానంతో."

"నాకూ మీ మీద అనుమానమే. ముక్కూమొహం తెలియనివాళ్లకి ఇల్లెందుకిచ్చారు?"

"పాస్టరుగారు అడిగేరు. కాదనలేకపోయాను. అంతే."

ఆ జవాబు విన్నాకే అతని భుజాలు కాస్త దిగాయి. జాలిపడ్డానని చెప్పుంటే నమ్మేవాడు కాదేమో.

మర్నాడు సువర్ణే వాళ్లని బస్సెక్కించి దిండి వంతెన దాటించింది. ఇంకోరోజు తాటిపాక మీదుగా వెళ్లే రోడ్డు చూపించింది. భయపడకండి అని ఒక్కసారీ అనలేదు. సంగతంతా చెబితే హరిబాబు బుర్ర గోక్కుని, థాంగ్‌బోయ్‌ని కాయలు ఒలిచే పనిలో పెట్టుకున్నాడు. "అయినా ఓ కన్నేసి ఉంచుతానండి," అన్నాడు.

వర్షాలు తగ్గాక ఓ సాయంత్రం, పక్క తోటలో ఎవరో ఎండుమట్టలు తగలబెట్టారు. పొగ వీధిలోకి కమ్ముకొచ్చింది. కిమ్ పాపని చంకనేసుకుని, సువర్ణ వంటింట్లోకి దూసుకొచ్చి, గట్టు కింద నక్కి కూర్చుంది. నమ్మి వచ్చిందో, దగ్గరున్న తలుపని వచ్చిందో తెలియలేదు. సువర్ణ అడగలేదు. కిటికీ మూసి, చేపల పులుసు దించి, తనూ ఆమె పక్కనే నేల మీద కూర్చుంది.