ఉస్తాద్ జరగనివ్వని పోటీ

మా ఉస్తాద్ పోయారన్న కబురు నాకు స్కూల్ గ్రౌండ్‌లో అందింది. ఆరో తరగతి పిల్లలతో కబడ్డీ ఆడిస్తున్నాను. ఆయన కొడుకు ఫోన్ చేసి, "అక్కా, బాపు పొద్దుగాల లేవలే" అన్నాడు. కూతకు వెళ్లబోతున్న పిల్ల గీత దగ్గరే నిలబడి నా మొహం చూస్తోంది. మెడలో విజిల్ వేసుకున్న పీఈటీ టీచర్ పిల్లల ముందు ఏడవకూడదని ఎక్కడా లేదు కదా. ఏడ్చాను.

నిజామాబాద్‌లో ఇప్పుడు ఆడపిల్లకు బాక్సింగ్ నేర్పించమని తల్లిదండ్రులే వెంటపడుతున్నారు. నేను చేరిన రోజుల్లో అలా లేదు. మా అమ్మ బీడీలు చుట్టేది. ఉస్తాద్ మా ఇంటికి వచ్చి గడప బయటే కూర్చుని, అమ్మ ఆకు కత్తిరిస్తుంటే చాలాసేపు చూసి, "చెల్లే, నీ వేళ్ల జోరే నీ బిడ్డ చేతులకొచ్చింది. గా పిల్లను నాకాడికి తోలియ్యి" అన్నారు. అమ్మ పని ఆపకుండానే అడిగింది, "ముక్కు పలిగితే ఎవలు జేస్కుంటరన్నా?" అని. "ముక్కు పలగకుండ ఆడుడే నేను నేర్పేది" అన్నారాయన. నా ముక్కు తర్వాత రెండుసార్లు పగిలింది. పెళ్లి మాత్రం బాగానే అయింది.

ఆయన మొదట బాక్సర్ కాదు, పహిల్వాన్. మెథడిస్ట్ చర్చికి వానొచ్చినా మానని మనిషి. కుస్తీ నేర్చుకున్నది ఒక ముస్లిం పెద్దాయన నడిపిన తాలీంలో. కుస్తీకి పిల్లలు రావడం తగ్గాక తాను వెళ్లి బాక్సింగ్ నేర్చుకొచ్చి మాకు నేర్పారు. ఆట మారింది కానీ తాలీం అలవాట్లు ఆయనను వదల్లేదు. రింగ్‌లోకి వచ్చేముందు నేలను తాకి కళ్లకద్దుకోవాలి. ఎవరొచ్చినా మొదటి మాట "తిన్నవా?" అనే. తినలేదంటే గ్లవ్స్ ఇచ్చేవారు కాదు, పక్క హోటల్‌కు పంపేవారు. కొత్తగా చేరే పిల్ల బెల్లం తెచ్చి ఆయన చేతిలో పెట్టాలి. ఆయన దాన్ని విరిచి ఓ ముక్క తాను తిని, ఓ ముక్క పిల్ల నోట్లో పెడితే ఆ రోజు నుంచి ఆ పిల్ల ఆయన బిడ్డ.

అన్నిటికన్నా గట్టి కట్టుబాటు ఇంకొకటి ఉంది. ఒకే ఉస్తాద్ చేతి బెల్లం తిన్నవాళ్లు జనం ముందు ఒకరితో ఒకరు తలపడకూడదు. అది కుస్తీవాళ్ల పద్ధతి, బాక్సింగ్‌లో అలాంటిదేమీ లేదని నేను వాదిస్తే, "నీకు లేకపోవచ్చు, నాకున్నది" అనేవారు. ఒకే బరువున్న మా బాక్సింగ్ హాల్ పిల్లలిద్దరిని ఏనాడూ ఒకే టోర్నమెంట్‌కు పంపలేదు.

అప్పట్లో బోధన్‌లో ఒక అమ్మాయి ఉండేది. చెరకు రైతు బిడ్డ. ఆమెదీ నాదీ ఒకే బరువు. ఒక ఏడు రాష్ట్ర పోటీల్లో నేను గెలిచాను, అప్పుడు ఆమెకు టైఫాయిడ్. మరుసటి ఏడు ఆమె గెలిచింది, అప్పుడు నా చేతికి కట్టు ఉంది. ఇక జిల్లా అంతా ఒకటే గోల, ఇద్దరిలో ఎవరు గొప్ప అని. ఒకసారి బోధన్ బస్సులో నా ముందు సీటు వాళ్లు నా గురించే కొట్టుకున్నంత పని చేశారు, వెనక కూర్చున్నది నేనేనని తెలియక. నేను ఓడిపోతానన్నవాడి మెడ మీద ఒక్కటి వేద్దామనిపించింది, ఆపుకున్నాను. చివరికి కొందరు పెద్దమనుషులు కలిసి బోధన్ మైదానంలో మా ఇద్దరి పోటీ ఖాయం చేశారు. రెండు ఊళ్ల బస్టాండ్లలోనూ మా ఫ్లెక్సీలు లేచాయి. నా బతుకులో దాన్ని కోరుకున్నంతగా మరి దేన్నీ కోరుకోలేదు. అన్నం తింటున్నా, పడుకున్నా ఎదురుగా ఆ పిల్లే.

పోటీ దగ్గర పడ్డాక ఆ అమ్మాయి తండ్రిని వెంటబెట్టుకుని మా హాల్‌కు వచ్చింది. ఆమెకు నేర్పే మాస్టర్ దుబాయ్ వెళ్లిపోయాడట, ఒక్కతే ప్రాక్టీస్ చేసుకుంటోంది. "పెద్దమనిషివి ఉస్తాద్, నీ దీవెన దీస్కపోదమని వచ్చినం" అన్నాడు తండ్రి. వట్టి చేతులతో రావడం బాగుండదని తమ చెరకు బెల్లమే పేపర్‌లో చుట్టి తెచ్చారు, అంతే. మా హాల్ పద్ధతి వాళ్లకేం తెలుసు? అమ్మాయి కాళ్లు మొక్కి బెల్లం ఆయన చేతిలో పెట్టింది. ఉస్తాద్ నిజాంసాగర్ నీళ్ల గురించి తండ్రితో మాట్లాడుతూనే అలవాటు కొద్దీ విరిచారు. ఓ ముక్క తన నోట్లోకి, ఓ ముక్క ఆ పిల్ల నోట్లోకి. హాల్‌లో తాడాట ఆగిపోయింది.

ఆయన నమలడం ఆపి కాసేపు పైకప్పు చూశారు. "అయిపాయె. గీ పిల్ల గూడ మన బిడ్డే. ఇగ మీ ఇద్దర్కి జోడి లేదు, పోటీ బంద్" అన్నారు.

"ఉమ్మేయ్!" అని ఆ పిల్ల మీద అరిచాను. "ఇంక మింగలే గద, ఉమ్మేయ్!"

అది బెదిరిపోయి గుటుక్కున మింగేసింది.

సాయంత్రానికల్లా పోటీ పెట్టినవాళ్లు దిగారు. "మైదానం జేసినం, మైకులు మాట్లాడినం, బెల్లం దిన్నదని బంద్ జేస్తరా?" అని ఒకాయన గొంతు చించుకున్నాడు. ఇంకొకాయన నింపాదిగా అడిగాడు, "నీ పిల్ల ఓడుతదని భయమైందా ఉస్తాద్?"

"గట్లనే అనుకోండ్రి" అన్నారాయన.

ఊరు అలాగే అనుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. హాల్‌కు మాత్రం మానలేదు, అలక వేరు, ప్రాక్టీస్ వేరు.

ఆ అమ్మాయి ఆదివారాలు, ఉస్తాద్ చర్చి నుంచి వచ్చే వేళకు, బోధన్ నుంచి వచ్చేది. మా ఇద్దరినీ ఆయన హాల్‌లో కూడా ఎప్పుడూ తలపడనివ్వలేదు. ఒకరు కొడితే ఇంకొకరు ప్యాడ్లు పట్టాలి. ఆమె దెబ్బకు నా భుజం దాకా గుంజేది. "అక్కా, నిన్న నీ ఎడమచెయ్యి దెబ్బలకు రాత్రి అన్నం కలుపరాలే" అని ఆమె సోమవారం ఫోన్ చేసేది. జాతీయ పోటీలకు ఒక ఏడు నన్ను పంపారు, ఒక ఏడు ఆమెను. నా కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. నేను ఓడతాననే ఆపారేమోనన్న అనుమానం మాత్రం పోలేదు.

పోయిన క్రిస్మస్‌కు వెళ్లినప్పుడు అడిగేశాను. "నిజం జెప్పు ఉస్తాద్, నేను ఓడుతుంటినా?"

"ఎరుకలేదు బిడ్డా."

"గిన్నేండ్లు సూసినవ్. ఎరుకలేదంటే ఎవలు నమ్ముతరు?"

"ఎరుక గావద్దనే జరగనియ్యలే. బెల్లం పొరపాటునే ఇరిసిన. ఇరిసినంక మస్తు సంబురపడ్డ. ఎవలు తక్కువనో ఒక్కపారి ఎరుకైనంక, ఆ పిల్లకు నేర్పెటప్పుడు నా చెయ్యి ఎనుకకు పోతది. నాకు మీరిద్దరు గావాలె."

ఇదే మాట ఆ రోజే నలుగురిలో అని ఉంటే ఆయనను ఎవరూ పిరికివాడు అనేవారు కాదు. అనలేదు. బోధన్‌లో హోటళ్ల దగ్గర నవ్వుకుంటే నవ్వుకోనిచ్చారు. నేనూ పిల్లలకు ఆటలు నేర్పుతాను. ఎవరు ఫస్టో, ఎవరు లాస్టో చెప్పకుండా ఒక్క రోజు గడపలేను. ఆయనకున్నంత గుండె నాకు లేదు.

ఆయనను సమాధుల తోటకు తీసుకెళ్లే వేళకు బోధన్ నుంచి ఆమె వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. గుంపులోంచి ఒక పెద్దాయన, మా పోటీ కోసం ఆశపడ్డవాళ్లలో ఒకడు, ఉండబట్టలేక అడిగాడు: "ఇగ ఉస్తాద్ లేడాయె. గిప్పుడన్న జెప్పుండ్రి, ఎవలు గెలుస్తుండిరి?"

పెట్టె లేపడానికి మగవాళ్లు ముందుకొచ్చారు. ఆయన కొడుకు వాళ్లను ఆపి, "ముంగట మీరిద్దరు పట్టుండ్రి అక్కా" అన్నాడు. పాస్టర్ గారు మమ్మల్ని చూసి పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఆమె ఎడమవైపు, నేను కుడివైపు భుజం పెట్టాం. దారంతా గుంతలు. ఆ పెద్దాయన పక్కనే నడుస్తూ పెట్టె వైపే చూస్తున్నాడు. గేటు దాటి, కొత్తగా తవ్విన మట్టి దగ్గర దించేదాకా అది ఆమె వైపూ ఒరగలేదు, నా వైపూ ఒరగలేదు.