విమానానికి పెట్టిన బొట్టు

విమానం ఉందని తెలిస్తే జనం మొదట అడిగేది మైలేజ్ ఎంత అని. ఆ తర్వాత, దుబాయి దాకా పోతదా అని. ఇద్దరు కూర్చుంటే మూడోవాడి చెప్పులకు కూడా చోటుండని బండి అది. రెక్కలకు గుడ్డ, గుడ్డ మీద రంగు, ముందు ఒక చిన్న ఇంజిన్, దానికొక పంక. బాసర దాకా పోయి తిరిగొస్తే చాలు అని చెప్పీ చెప్పీ నా నోరు నొచ్చింది. ఇప్పుడు అడిగినవాళ్లకు పోతది అనే చెబుతున్నాను.

గల్ఫ్‌లో ఒక విమానాశ్రయం వర్క్‌షాపులో చాలా ఏళ్లు పెద్ద విమానాల చక్రాలు, బ్రేకులు విప్పి బిగించాను. ఒక్కదాంట్లోనూ నడిపే సీట్లో కూర్చోలేదు. తిరిగొచ్చాక ఆ కసితోనే లైసెన్సు తెచ్చుకొని, వేరే రాష్ట్రంలో ఒక క్లబ్బువాళ్లు వాడి వదిలేసినదాన్ని కొన్నాను. మరమగ్గాల మీద బతికిన ఇంట్లో పుట్టినవాడికి ఇది ఎక్కువేనని చుట్టాలు అన్నారు. మా బాపు మాత్రం రెక్క గుడ్డను వేళ్ల మధ్య పట్టి చూడబోయాడు. పట్టు దొరకలేదు. "గింత బిగ్గ గుంజిన్రా!" అని మళ్లీ ఆటో ఎక్కాడు.

కరీంనగర్ నుంచి మంథని పోయే వైపు, ఎప్పుడో మూతపడిన ఒక మిల్లువాళ్లు వేయించుకున్న పాత రన్‌వే ఉంది. దాని పక్కన రేకుల షెడ్డులో మా విమానం ఉంటుంది. ఎగిరేది తక్కువ, చాకిరీ ఎక్కువ. ఆయిల్ మార్చాలి, ప్లగ్గులు చూడాలి, బాగానే ఉన్న రబ్బరు గొట్టాలను కూడా గడువు అయిపోయిందని పీకి పారేయాలి. అన్నిటికంటే పెద్ద శత్రువులు కందిరీగలు. రెక్క కింద వేలంత గొట్టం ఒకటి ముందుకు పొడుచుకొని ఉంటుంది. గాలి దాని నోట్లోకి కొడితేనే లోపల వేగం చూపే సూది కదులుతుంది. ఆ నోరు తెరిచి ఉంచితే కందిరీగలు మట్టితో గూడు కడతాయి. అందుకే దానికి ఎర్ర గుడ్డ తొడుగు వేసి ఉంచుతాం.

నా భార్యది మంథని. మొదట్లో ఆ షెడ్డు వైపు తొంగి కూడా చూడలేదు. ఒకరోజు నేను ఆయిల్ కొలవడానికి ముందు పంకను చేత్తో మెల్లగా తిప్పుతుంటే చూసింది. అట్లా తిప్పితే ఇంజిన్‌లోని ఆయిల్ ట్యాంకులోకి చేరి, చివరికి గుడగుడమని చప్పుడొస్తుంది. "పాలు తాగిన పిల్లను భుజం మీదేసుకొని తేన్పు తెప్పిచ్చినట్టున్నది," అని నవ్వింది. ఆనాటి నుంచి ఆ పని ఆమెదే. నేను తిప్పబోతే చేతి మీద కొట్టేది.

పూజ కూడా ఆమెదే. మావైపు దసరాకు ట్రాక్టరుకు, మగ్గానికి, కుట్టుమిషనుకు పూజ చేసినట్టే మా విమానానికీ పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు. ఆ గొట్టం ఎందుకో ఒకసారి చెప్పాను. దాని తొడుగు ఆమె ఎన్నడూ ముట్టలేదు. "ముక్కుల పసుపు కుక్కుతరా ఎవలన్న?" అనేది. పూజయ్యాక ఇద్దరం ఎగిరేవాళ్లం. దసరానాడు పాలపిట్టను చూడాలి కదా, కిందికి చూస్తూ వెతికేది. గోదావరి మీద వెతికేది, ఆదిలాబాద్ వైపు టేకు అడవుల మీద వెతికేది. "మీదికెల్లి జూస్తే లెక్కల కొస్తదంటవా?" అని అడిగేది. నాకేం తెలుసు?

ఒక వానాకాలం జ్వరమని ఆస్పత్రికి పోయింది. తిరిగి రాలేదు.

నేను ఏడ్వలేదు. గొప్పకు చెప్పడం లేదు, ఏడుపు రాలేదంతే. దినాలు కాగానే షెడ్డుకు పోయి ఆయిల్ మార్చాను. వారానికోసారి పోయి ఇంజిన్ నడిపి, చప్పుడు విని, ఆపేసి, తాళం వేసి వచ్చేవాణ్ణి. ఎగరాలనిపించలేదు. ఎగరొద్దని కూడా అనిపించలేదు. మాకు ఒక్కతే బిడ్డ, కరీంనగర్‌లోనే బ్యాంకులో ఉద్యోగం. ఒకరోజు వాళ్లింట్లో కూరలో ఉప్పు వేయడం మరిచిపోయింది. నేను కంచం ఖాళీ చేసి చేయి కడుక్కున్నాను. తర్వాత తను ఒక ముద్ద నోట్లో పెట్టుకొని, నమలడం ఆపి, నా వైపే చూస్తూ కూర్చుంది.

విమానాన్ని అమ్మేయమని అప్పటి నుంచే మొదలుపెట్టింది. ఆదిలాబాద్ దాటి మహారాష్ట్రలో ఒకాయన కొంటానన్నాడు. కానీ ఎగరడానికి సర్కారు పర్మిట్ ఉంటేనే. ఏడాదికి పైగా నేల మీదే ఉన్నది కాబట్టి పర్మిట్ కావాలంటే ఒకసారి గాలిలోకి లేపి, అన్నీ సరిగ్గా ఉన్నాయని చూపాలి. అంటే, నేను ఎగరొద్దని అమ్మించాలనుకున్న బిడ్డే నన్ను ఒకసారి ఎగరనివ్వాలి. ఆ మాట విన్నప్పుడు దాని ముఖం పాలిపోయింది.

"పైకి పోతే మల్ల దిగుతవా బాపు?" అని అడిగింది.

"దిగక ఏడికి పోత?"

"నా దిక్కు జూసి చెప్పు."

చూసి చెప్పాను. కానీ నాకు తెలియదు. చావాలని ఏమీ అనుకోలేదు. దిగడానికి ఒక కారణం చెప్పమంటే మాత్రం నా దగ్గర లేదు. బిడ్డ ఉంది కదా అంటారు. ఉంది. ఆ మాట మనసులో అనుకున్నా ఎక్కడా తగల్లేదు.

మొదటి ఏడు మాకు పండుగలు లేవు. సంవత్సరీకం అయ్యాక వచ్చిన దసరానాడే ఎగరడానికి అనుమతి దొరికింది. పొద్దున్నే బిడ్డ పళ్లెం నిండా పసుపు, కుంకుమ, జమ్మి ఆకు తెచ్చింది. "అవ్వ జేసినట్టే జేస్త," అంది, వాళ్లమ్మను తలచుకొని. నేను బయట సన్నటి జాలీలోంచి పెట్రోలు వడపోసుకుంటున్నాను. తిరిగొచ్చేసరికి విమానం పెళ్లికూతురిలా పచ్చగా ఉంది. పంకకు, చక్రాలకు, తలుపు గొళ్లేనికి, తోక చివరికి, మెట్టుకు, ఎక్కడ చూస్తే అక్కడ తడి పసుపు. నాకు నచ్చిందో లేదో కూడా తెలియలేదు. చుట్టూ తిరిగి చూశాను. గొట్టం తొడుగు లాగి జేబులో పెట్టుకున్నాను. అక్కడా పచ్చగానే ఉంది. అంతటా పచ్చగా ఉంటే ఏది చూసి ఆగాలి?

బిడ్డ మేకలు అడ్డం రాకుండా రన్‌వే అంచున నిలబడింది. నేను ఇంజిన్‌కు పూర్తి జోరు ఇచ్చాను. గడ్డి వెనక్కి పరుగెత్తడం మొదలైంది. తోక తేలికైంది. వేగం చూపే సూది మాత్రం సున్నా మీదే ఉంది.

అది చూపకపోయినా విమానం లేస్తుంది. లేచాక తిప్పలు. వేగం తెలియకుండా దిగాలంటే, ఏడాదికి పైగా గాలిలో నడిపే స్టిక్ పట్టని నాలాంటివాడికి ప్రాణం మీదికే వస్తుంది. అది నాకు బాగా తెలుసు. తెలిసీ నా చేయి కాసేపు కదల్లేదు. ఇదే కదా, ఇట్లాగే వదిలేస్తే అయిపోతుంది కదా అనిపించింది. ఆ ఆలోచన కూడా ఎవరిదో అన్నట్టే ఉంది.

తర్వాత చేయి ఇంజిన్ తగ్గించింది. కాళ్లు బ్రేకులు తొక్కాయి. రన్‌వే అయిపోయే చోట, తుమ్మచెట్లకు కొద్ది ఇవతల ఆగాం. ఇంజిన్ ఆపేశాను. భయం వేసింది. ఆమె పోయిన తర్వాత నాకు ఏదైనా అనిపించడం అదే మొదటిసారి.

దిగి గొట్టం దగ్గరికి పోయాను. నోటి నిండా పసుపు ముద్ద, మీద కుంకుమ బొట్టు. బిడ్డ చెప్పులు చేత్తో పట్టుకొని ఆ చివర నుంచి పరుగెత్తుకొచ్చింది.

"గీడ గూడ పెట్టినవా?"

"తొడుగు దీసి పెట్టి మల్ల తొడిగిన," అంది రొప్పుతూ. "అన్నిటికీ పెట్టి, దానొక్కదాని మొఖానికి గుడ్డ గట్టి ఇడిశిపెడితె మంచిగనిపియ్యలే. నీకేం గావద్దని ఒక్క జాగ గూడ ఇడువలే బాపు. ఏమైంది?"

చెప్పాను. సూది కదల్లేదని, ఆ పసుపు వల్లేనని. చెప్పాక చెప్పకుండా ఉండాల్సిందని అనిపించింది. దాని చేతిలోంచి చెప్పులు కింద పడ్డాయి. ఇక ఏడుస్తుందని అనుకున్నాను. ఏడ్వలేదు, అడిగింది.

"గాలిలకు లేవకపాయెనా? నువ్వే ఆపినవా?"

"నేనే ఆపిన."

అప్పుడు ఏడ్చింది, రన్‌వే మీద కూలబడి, పసుపు చేతులతోనే ముఖం కప్పుకొని. నేను పక్కన కూర్చున్నాను. కాసేపటికి నా అంగీ పట్టుకొని గుంజింది.

"మల్లొక్కసారి చెప్పు బాపు."

"నేనే ఆపిన బిడ్డా," అన్నాను.